ఆవు వ్యాసం వద్దు, సంవత్సరం చెప్పండి: రైల్వే మంత్రి గారికి కోనసీమ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

2000–01లో మంజూరై ఇంకా పూర్తికాని కోటిపల్లి–నర్సాపురం రైలుమార్గం విషయమై నేను ఇదివరకు పంపుకున్న మూడు అర్జీలలో రెండింటికి తపాలా వారి రసీదు కార్డులు తిరిగి వచ్చాయి. మూడవదానికి మాత్రం "సంబంధిత విభాగానికి పంపడమైనది, అర్జీ పరిష్కారమైనట్టు నమోదు చేయడమైనది" అని ఒక వాక్యం వచ్చింది. పరిష్కారమైన సంగతి గోదావరి పాయ అయిన గౌతమి ఒడ్డున ఉన్న మాలో ఎవరికీ తెలియలేదు. అందువల్ల ఇక చాటుగా రాసి లాభం లేదనుకుని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. మార్గం ఎంత పొడవో, నదీపాయల మీద వంతెనలు ఎన్నో, ఎవరి వాటా ఎంతో మీకు తెలియనివి కావు కనుక వాటిని ఏకరువు పెట్టను. నా ఫిర్యాదంతా ఒక్కదాని మీద: ఈ మార్గం గురించి పార్లమెంటులో, ముఖ్యంగా ప్రతిపక్షం వైపు నుంచి, ఎవరు అడిగినా మీ శాఖ ఇస్తూ వస్తున్న సమాధానం మీద.

నేను ముప్పయ్యేళ్లకు పైగా పిల్లల జవాబు పత్రాలు దిద్ది, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా బడుల్లో ఒక పాత హాస్యం ఉంది. ఆవు గురించిన వ్యాసం తప్ప మరేదీ చదువుకోని కుర్రవాణ్ణి పరీక్షలో కొబ్బరిచెట్టు గురించి రాయమంటే, "కొబ్బరిచెట్టుకు ఆవును కట్టివేస్తారు" అని ఒక వాక్యం రాసి, అక్కడి నుంచి ఆవుకు నాలుగు కాళ్లుండును, రెండు కొమ్ములుండును అంటూ తనకు వచ్చిన వ్యాసమంతా దించేస్తాడు. మీ సమాధాన పత్రాలు చదివినప్పుడల్లా నాకు ఆ కుర్రవాడే గుర్తుకు వస్తున్నాడు. అమర్యాదగా తోస్తే మన్నించండి.

సభ్యుడు తన ప్రశ్నను (ఎ), (బి), (సి), (డి) అని విడదీసి అడుగుతాడు. పని ఎంతవరకు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఆలస్యానికి కారణమేమిటి, ఎప్పటికి పూర్తవుతుంది అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. మీ సమాధానం "(ఎ) నుంచి (డి) వరకు" అంటూ నాలుగింటినీ ఒకే మూటగా కట్టి మొదలవుతుంది. ఆ మూట కట్టడంలోని నేర్పు నాకు ఆలస్యంగా అర్థమైంది: విడివిడిగా రాస్తే (డి) ఎదుట ఖాళీ కనబడుతుంది, కలిపి రాస్తే కనబడదు. తరువాత, రైల్వే ప్రాజెక్టులను రాష్ట్రాలవారీగా కాక జోన్లవారీగా చేపడతామని, అవి రాష్ట్రాల సరిహద్దులు దాటి పోవచ్చునని ఒక పేరా. 57 కిలోమీటర్ల మా మార్గం కోనసీమ, పశ్చిమ గోదావరి అనే రెండు జిల్లాల గడప దాటి పోదని మీ పటాలే చెబుతాయి. ఆ తరువాత, పూర్తయ్యే కాలం భూసేకరణ మీద, అటవీ అనుమతుల మీద, రాష్ట్రం జమచేయవలసిన వాటా మీద, వాతావరణాన్ని బట్టి ఏడాదిలో పనికి దొరికే నెలల మీద ఆధారపడి ఉంటుందని ఇంకొక పేరా. కొబ్బరితోటల మధ్య, వరిచేల మధ్య పోయే దారికి అటవీ అనుమతి ఎక్కడ అడ్డం వచ్చిందో సెలవిస్తే, ఆ అడవిని మేమూ ఒకసారి చూసి వస్తాం. చివరికి ఆవు వస్తుంది: 2009–14 మధ్య ఆంధ్రప్రదేశ్‌కు రైల్వే పనులకు ఏటా సగటున రూ.886 కోట్లు, 2025–26లో రూ.9,417 కోట్లు, అంటే పది రెట్లకు పైగా. లెక్క తప్పని నేను అనడం లేదు. పెరిగిన మాట వాస్తవమే, సంతోషమే. కానీ మా పొలం బోదెలోకి నీరు ఎప్పుడొస్తుందని అడిగిన రైతుకు, ధవళేశ్వరం దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో చెప్పి పంపేస్తే అతనేమనుకుంటాడో మీరే ఆలోచించండి.

మా జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టారు. ఆ మహానుభావుడు 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ప్రభుత్వ బాధ్యతను రెండు విధాలుగా తూచే వీలు మన పద్ధతిలో ఉందన్నారు: ఎన్నికలప్పుడు ఓటరు తూచేది ఒకటి, ప్రశ్నలతో, తీర్మానాలతో, చర్చలతో సభ్యులు రోజూ తూచేది ఇంకొకటి. ఈ రెండవదే మన వంటి దేశానికి ఎక్కువ అవసరమని ఆయన అభిప్రాయం. రోజూ తూచవలసిన త్రాసులో మీరు ప్రతిసారీ అదే కాగితం వేస్తుంటే, తూకం ఎవరికి తెలుస్తుంది?

ఆ త్రాసు పట్టుకోవలసినవాడు ప్రతిపక్ష సభ్యుడు. 2024 ఎన్నికల తరువాత గోదావరి డెల్టా నుంచి లోక్‌సభకు వెళ్లినవారంతా ప్రభుత్వ పక్షానే కూర్చున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు గాని, మా బంతికి ఇంకా విస్తరాకు కూడా పడలేదు. మావారు పట్టించుకోలేదని నేను అనను. అయితే ప్రభుత్వ పక్షంలో కూర్చున్న సభ్యుడి ప్రశ్న ధన్యవాదాలతో మొదలై ధన్యవాదాలతో ముగుస్తుంది. మధ్యలో నిలదీసే వీలు ఆయనకు ఉండదు. అందుచేత మా ఊరివాడు కాకపోయినా, మేము ఓటు వేసిన పార్టీవాడు కాకపోయినా, ఈ విషయంలో ప్రతిపక్ష సభ్యుడే మాకు దిక్కు.

ఆయనకున్న వీలు మాత్రం ఎంత? లోక్‌సభలో మీ శాఖ వంతు బుధవారం. ఆ రోజు వంతు వచ్చిన శాఖలన్నిటికీ కలిపి నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పవలసినవి, 20. ఏది ముందో ఏది వెనుకో చీటీ తేలుస్తుంది. ప్రశ్నోత్తరాల గంటలో ఆ ఇరవైలోనూ కొన్ని మాత్రమే నోటి మాటగా చర్చకు వస్తాయి. మిగిలినవన్నీ కాగితం మీద సమాధానాలే. వాటి మీద అనుబంధ ప్రశ్న వేసి "అయ్యా, నేను అడిగింది ఇది కాదు" అనే అవకాశమే లేదు. సభలో గొడవ జరిగిన రోజు ఆ గంటా పోతుంది. ఇందులో ప్రతిపక్షం తప్పేమీ లేదని నేను చెప్పను. నినాదాలతో ప్రశ్నోత్తరాల సమయాన్ని పోగొట్టుకున్న రోజున వారు మీకు ఎంత మేలు చేస్తున్నారో వారికే తెలియదనుకుంటాను. 2020 వర్షాకాల సమావేశాల్లో కరోనా కారణం చూపి ఆ గంటనే ఎత్తివేశారు. 2017 నుంచి రైల్వేకు విడిగా బడ్జెట్టూ లేదు. మీ శాఖ పద్దులో నిరసనగా వంద రూపాయలు తగ్గించమని కోత తీర్మానం ఇచ్చి ఒక ప్రాంతం బాధ చెప్పుకునే హక్కు సభ్యుడికి ఇప్పటికీ ఉంది గాని, చర్చ లేకుండా పద్దులన్నిటినీ కలిపి ఓటుకు పెట్టిన నాడు ఆ వంద రూపాయల తీర్మానమూ వాటితోపాటే కొట్టుకుపోతుంది.

ఇంకొక ముచ్చట. మంత్రులు సభలో ఇచ్చిన మాటలను వెంటాడడానికి లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. "పరిశీలనలో ఉంది", "సభ్యునికి తెలియజేస్తాను" వంటి మాట మంత్రి నోట వస్తే దాన్ని హామీగా రాసుకుని, మూడు నెలల్లో నెరవేర్చమని అడుగుతుంది. మీ సమాధానంలో అటువంటి మాట ఒక్కటీ దొర్లకుండా రాసిన అధికారి ఎవరో గాని, మా బడిలో ఉండి ఉంటే వ్యాకరణ పాఠాలు ఆయనకే అప్పగించేవాణ్ణి. ఆ వాక్యాల్లో కర్త ఉండడు, కాలం ఉండదు, క్రియ మాత్రం ఒక్కటే, "ఆధారపడి ఉంటుంది."

రాష్ట్రం తన 25 శాతం వాటా జమచేయలేదన్నది మీ వైపు వాదన. అబద్ధమని అనను. కానీ దాన్ని ఢిల్లీలో అడిగితే అమరావతిని చూపిస్తారు, అమరావతిలో అడిగితే ఢిల్లీని చూపిస్తారు. అక్కడి శాసనసభలో 175 మందికి ప్రతిపక్షం 11 మంది. వారు సభను బహిష్కరించి ఎవరికి బాధ్యత నేర్పుతున్నారో నాకు తెలియదు, ఆ లేఖ వేరే రాస్తాను. ఈ పాతికేళ్లలో రెండు చోట్లా ఒకే పక్షం ఏలిన రోజులూ ఉన్నాయి, వేర్వేరు పక్షాలు ఏలిన రోజులూ ఉన్నాయి. మా ప్రశ్న మాత్రం రెండు సభల మధ్య నడిగోదావరిలోనే ఉండిపోయింది.

మీరు ఎప్పుడైనా ముక్తేశ్వరం రేవుకు వస్తే, మీ సమాధానంలో "పనులు పురోగతిలో ఉన్నాయి" అన్న మాటకు అర్థం నీళ్లలో నిలబడి కనిపిస్తుంది. స్తంభాలు లేచాయి, రైలు రాలేదు. ఎర్రనీరు దిగి గోదావరి పోటెత్తినప్పుడు రేవు దాటించే పడవను, మా పంటును, ఆపేస్తారు. ఆ రోజుల్లో ఎదురుగా కనబడుతున్న కోటిపల్లికి చేరాలంటే యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో, రావులపాలెం మీదుగానో చుట్టు తిరగాలి. నా భార్యను కంటి ఆపరేషన్‌కు తీసుకువెళ్లవలసిన రోజున తెల్లవారుజామునే రేవుకు వెళ్లాం. పంటు కట్టేసి ఉంది. సామర్లకోటలో ఎక్కవలసిన రైలు మేము చుట్టు దారిన ఉండగానే వెళ్లిపోయింది. రేవు గట్టు మీద సంచి పట్టుకుని నిలబడినప్పుడు ఆవిడ ఆ స్తంభాల వైపు చూసి, "వీటి మీద నడిచి వెళ్లనిచ్చినా బాగుండును" అంది. ఈ మాటకు (ఎ) నుంచి (డి) వరకు ఏ సమాధానం చెప్పాలో నాకు తోచలేదు.

మా తాతల కాలంలో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు ఉండేది. యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. తిరిగి వేయడానికి 2004 వచ్చింది. కనుక అరవై ఏళ్లు ఎదురుచూడడం ఈ జనానికి అలవాటేనని మీ అధికారులు అనుకుంటే తప్పు పట్టలేను. దాన్ని గోదావరి దాటించి నర్సాపురం చేర్చే మార్గం 2000–01 బడ్జెట్‌లో మంజూరైంది. అందుకు పట్టుపట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002 మార్చి 3న పోయారు. ఆ ఏట పుట్టిన పిల్లలకు నేను పాఠాలు చెప్పాను. వారు చదువులకూ ఉద్యోగాలకూ పంటు మీదే రేవు దాటి వెళ్లారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. ఎన్నిక ఎన్నికకూ ఎందరో మల్లయ్యలను మేము దాటించాం. మేమే ఇంకా దాటలేదు.

నేను కోరేది పెద్దది కాదు. సభ్యుడు నాలుగు భాగాలుగా అడిగితే నాలుగు భాగాలుగా చెప్పించండి. ఫలానా సంవత్సరానికి పూర్తవుతుందని చెప్పండి. చేయలేకపోతే చేయలేమని చెప్పండి, రాష్ట్రం వాటా ఇవ్వనిదే కదలమంటే ఆ మాటే తేదీలతో, ఎంత రావాలో లెక్కతో సభ ముందు పెట్టండి. అడిగినవాడు ప్రతిపక్షం వాడని అతనికి మీ ప్రభుత్వ ఘనత వినిపించకండి. ఆ నిమిషంలో ఆయన గొంతు మాది. సంవత్సరం చెప్పండి. తప్పిపోయినా సరే, ఎందుకు తప్పిందని మళ్లీ అడగడానికైనా మాకు ఒక సంవత్సరం కావాలి. ఈ లేఖను మాత్రం పరిష్కారమైనట్టు నమోదు చేయించకండి.

దీని ప్రతులను ఉభయ సభల్లోని ప్రతిపక్ష సభ్యులు కొందరికి పంపుతున్నాను. ఏ బుధవారమైనా వారి చీటీ పైకి వచ్చి, మీరు లేచి ఆ పాత కాగితం చదివి కూర్చుంటే, వేయవలసిన అనుబంధ ప్రశ్నను లేఖ అడుగున ఎర్ర సిరాతో రాసి పెట్టాను. రెండే మాటలు: ఏ సంవత్సరం?

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ముక్తేశ్వరం రేవు, కోనసీమ