పాతిక లక్షల నంబరు, ముప్ఫై రెండు సెంటీమీటర్ల సందు

సంపాదకుడు గారికి,

ఫ్యాన్సీ నంబర్ల వేలం మీద మీరు వేసిన వార్త వచ్చి వారం దాటింది. రవాణా శాఖకు కాసుల వర్షం అంటూ మీరు పడిన మురిపెం మాత్రం ఇంకా మింగుడుపడటం లేదు. 2024 ఆగస్టులో ఖైరతాబాద్‌లో టీజీ 09 9999 పాతిక లక్షలు దాటినప్పుడూ ఇదే పాట. ఆ సొమ్ముతో రెండు మంచి కార్లు కొని, మిగిలిన దాంతో ఏళ్ల తరబడి పెట్రోలు పోయించుకోవచ్చు. పైగా అంత పోసి తెచ్చిన నంబరు ఎక్కేది అందరికీ వేసే ప్లేటు మీదే. 500 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తు ఉన్న అల్యూమినియం రేకు, ఊడబీకితే విరిగిపోయే స్నాప్ లాక్. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ అదే హై సెక్యూరిటీ ప్లేటు. అంకెల్ని వంపులు తిప్పి రాయించుకోవడానికీ వీల్లేదు.

నంబరు సంగతి సరే, దాన్ని తగిలించే బండి సంగతి మీ వార్తలో ఒక్క ముక్క లేదు. అసలు తిప్పలన్నీ అక్కడే.

అపార్టుమెంట్లలో కారుకు ఇచ్చే చోటు సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. ఫార్చూనర్ లాంటి పెద్ద బండి వెడల్పు 1.855 మీటర్లు, పొడవు 4.795. వెడల్పులో మిగిలింది 64 సెంటీమీటర్లు, అంటే పక్కకు 32. సైడు అద్దాలు ఇందులో లెక్కలేదు, స్తంభం అడ్డొస్తే అదీ లెక్కలేదు. ఆ సందులో తలుపు ఓరగా తీసి, పొట్ట లోపలికి పీల్చి దిగాలి. చిన్నకారు వ్యాగనార్ 1.62 మీటర్లే కాబట్టి మనిషి మనిషిలాగే దిగుతాడు. కానీ పెళ్లిచూపులకు వెళ్లేటప్పుడు వ్యాగనార్ పనికిరాదు కదా!

ఇంకో దెబ్బ డీజిలు బండిది. బీఎస్ 6 అనే కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన డీజిలు బండ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. మసిని పట్టి ఉంచడం దాని పని. పట్టిన మసి కాలాలంటే లోపల ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకు బండి ఆగకుండా అరవై పైన వేగంతో పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా వెళ్లి రావడానికి అంత పెద్ద డీజిలు బండి తీస్తే ఆ వేడి ఎక్కడిది? మసి కాలుతుండగానే ఇంజను ఆపేస్తారు. మసి కాల్చడానికని అదనంగా కొట్టిన డీజిలు సిలిండరు గోడల మీంచి ఇంజనాయిల్లోకి దిగుతుంది. ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తుంది. పెరిగింది కదా అని సంబరపడేవాళ్లూ ఉన్నారు, అది పలచబడి బేరింగుల్ని తినేస్తోందని తెలియక. డాష్‌బోర్డు మీద వెలిగిన లైటును నాలుగు రోజులు పట్టించుకోకపోతే బండి లాగడం మానేస్తుంది. అప్పుడు సర్వీసు సెంటర్లో కంప్యూటరు తగిలించి బలవంతంగా మసి కాల్చాలి. దానికీ లొంగకపోతే ఫిల్టరే మార్చాలి. ఆ బిల్లు చూశాక అమ్మేసిన పాత చిన్నకారు తప్పక గుర్తొస్తుంది. రోజూ హైవే మీద యాభై, అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిలు బంగారమే. ఊళ్లో ఐదారు కిలోమీటర్లకైతే పెట్రోలో కరెంటు బండో చాలు.

ఇక బండి ముందు బిగించే ఇనుప చట్రం, బుల్ గార్డు. బండి గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి ఆ దెబ్బను తాను తీసుకోవాలి, దాన్ని అలాగే తయారుచేస్తారు. బండి అడుగు చట్రానికి (ఛాసిస్) ఇనుప కమ్మీలు బిగిస్తే దెబ్బ నేరుగా లోపలికి వస్తుంది, ఎయిర్‌బ్యాగు సెన్సరు లెక్కా తప్పుతుంది. ఎదుట నడిచేవాడి గతి చెప్పనే అక్కర్లేదు. 2017 డిసెంబరులోనే కేంద్రం వీటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. నల్ల ఫిల్ములు అంటించరాదని సుప్రీంకోర్టు 2012లోనే తీర్పిచ్చింది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన. ఇవన్నీ ఎవరు పట్టుకోవాలి? పట్టుకోవాల్సిన వాళ్ల కాన్వాయ్‌లోని బండ్లకే అద్దాలు తారులా ఉంటాయి. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు పోయాయని సంతోషించాం. బుగ్గ పోయి సైరన్ మిగిలింది. అది లేనివాడు 'ప్రెస్' అని అంటించుకుంటున్నాడు (మీ విలేకరుల సంగతి కాదు లెండి).

మనకు పనికొచ్చే కారు రాకపోలేదు. 2009లో టాటా వాళ్ల నానో వచ్చింది. పొడవు 3.1 మీటర్లు, నాలుగు మీటర్ల వ్యాసార్ధంలోనే మలుపు తిరిగేది, పాతబస్తీ గల్లీలకు కొలిచి కుట్టినట్టు ఉండేది. లోపాలు లేవని కాదు. కానీ లక్ష రూపాయల కారు అన్న పేరే దాని కొంప ముంచింది, చవక కారని ముద్ర వేయడం పొరపాటని రతన్ టాటాయే ఒప్పుకున్నారు. 2018లో తయారీ ఆగింది. లక్ష రూపాయల కారులో దిగితే పరువు పోతుందట, నంబరుకు పాతిక లక్షలు పోస్తే పెరుగుతుందట.

అయ్యా, వచ్చే వేలానికి మళ్లీ వార్త వేస్తారు, తప్పదు. ఆ బండి వెడల్పు ఎంతో, లీటరుకు ఎంత దూరం నడుస్తుందో, అద్దాలకు ఫిల్ము ఉందో లేదో కూడా ఆ నంబరు పక్కనే అచ్చేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్