ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే అది టీబీయేనా?

సంపాదకులు గారికి,

వరి కోతలొస్తే మిర్యాలగూడ మిల్లుల నుంచి ఊళ్లలో గడ్డివాముల దాకా దుమ్మే దుమ్ము. తడిసి వేడెక్కిన గడ్డిలో, ముక్కిన ధాన్యంలో ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ బాగా పెరుగుతుంది. దాని బీజాలు 2–3 మైక్రాన్లే కాబట్టి ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. ఆరోగ్యవంతులకు మామూలుగా ఏమీ కాదు. కీమోథెరపీతో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) మైక్రోలీటరు రక్తంలో 500 లోపుకు పడిపోయినవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, నెలల తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్లు మాత్రం తట్టుకోలేరు. (నొప్పులకని ఊళ్లో వేసే సూదుల్లో ఏముందో ఎవరూ అడగరు, అది వేరే బాధ.)

వీళ్లకు జ్వరం, దగ్గు, తెమడలో రక్తం అనగానే టీబీ అనుకోవడం తప్పు కాదు. సీబీనాట్ (తెమడలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగెటివ్ వచ్చాక కూడా ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు రాసి, నెల తర్వాత రమ్మనడమే తప్పు. తెల్లకణాలు తగ్గిన మనిషిలో ఈ ఫంగస్ రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది, వారం ఆలస్యమే ఎక్కువ. పైగా టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, ఆస్పర్‌జిల్లస్‌కు ఇచ్చే వొరికొనజోల్‌ను రక్తంలో నిలవనివ్వదు. ఆపేసిన తర్వాత కూడా ఆ ప్రభావం సుమారు రెండు వారాలు పోదు.

మొదటి పరీక్షకు పెద్ద మిషన్ అక్కర్లేదు. తెమడనో, బ్రాంకోస్కోపీలో ఊపిరితిత్తి కడిగి తీసిన నీటినో స్లైడు మీద వేసి, 10–20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ (కేఓహెచ్) చుక్క కలిపి, కాసేపాగి మైక్రోస్కోపులో చూడాలి. ఉమ్మి తెస్తే పనికిరాదు, లోపలి నుంచి దగ్గిన తెమడ కావాలి. సన్నటి పోగులు అడ్డుగోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలి ఉంటే ఆస్పర్‌జిల్లస్ అని అనుమానించాలి. వెడల్పుగా, రిబ్బన్‌లా, అడ్డుగోడలు దాదాపు లేకుండా ఉంటే మ్యూకర్ అనే మరో ఫంగస్. దాని మీద వొరికొనజోల్ పనిచేయదు, ఆంఫోటెరిసిన్ ఎక్కించాలి. స్లైడులో ఏమీ లేకపోయినా అనుమానం వదలొద్దు. సీటీ, గెలాక్టోమానన్ (ఆస్పర్‌జిల్లస్ కణం గోడలోని పదార్థం) పరీక్ష చేయించాలి. స్టెరాయిడ్ రోగుల్లో రక్తం కంటే ఊపిరితిత్తి కడిగిన నీటిలోనే గెలాక్టోమానన్ బాగా దొరుకుతుంది.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మైక్రోబయాలజీ విభాగాలున్నాయి. కేఓహెచ్ రిపోర్టు అదే రోజు చేతికివ్వాలి. గెలాక్టోమానన్ శాంపిళ్లను వారానికి రెండుసార్లయినా హైదరాబాద్ పంపాలి, రోగిని కాదు. ఆసుపత్రిలో గోడలు పగలగొట్టే పనులుంటే కీమో రోగులను ముందే దూరపు వార్డుకు మార్చాలి. దుమ్ములోంచి తీసుకెళ్లక తప్పనప్పుడు గుడ్డ మాస్కు చాలదు, ఎన్-95 పెట్టాలి.

ఇట్లు,
ల్యాబ్ పని తెలిసిన ఒక పాఠకుడు,
నల్లగొండ