హెర్నియాకు చవక జాలీ మా సరిహద్దు దవాఖానలకు ఎప్పుడొస్తుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. ఊరు మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో, బజారులో మా మాట తెలుగే. మీ పత్రిక గోదావరి అవతలి నుంచి రోజూ మాకు వస్తుంది. హెర్నియా ఆపరేషన్ గురించి రాస్తున్న ఉత్తరం ఇది. మా వైపు మగవాళ్లు నలుగురిలో చెప్పుకోని జబ్బు. గజ్జల్లో పేగు జారినా (అదే హెర్నియా), వృషణంలో నీరు చేరినా రెండింటినీ 'బుడ్డ' అనేసి పంచె కింద దాచుకుంటారు.

మా దుకాణంలో పద్దెనిమిదేళ్లు హమాలీ పని చేసిన అన్న ఒకరున్నారు. డీఏపీ బస్తా 50 కిలోలు, యూరియా 45. లారీ వచ్చిన రోజు ఆ బరువు ఎన్నిసార్లు వీపు మీదికి ఎక్కుతుందో లెక్క ఉండదు. ఎడమ గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు వచ్చిందని నాకు చెప్పడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది. పడుకుంటే లోపలికి పోయేది, బస్తా ఎత్తితే బయటికొచ్చేది. లంగోటా బిగించుకుని పని చేసేవాడు. సర్కారీ దవాఖానకు తీసుకెళ్లాను. ఆపరేషన్‌కు డబ్బు అక్కర్లేదు గానీ పేగు జారిన చోట మాటుగా లోపల వేసే జాలీ (మెష్ అనే వల ముక్క) బయట కొనుక్కురావాలని, సర్జన్ వచ్చే రోజు మళ్లీ చెబుతామని అన్నారు. ఆ రోజు ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. ప్రైవేటులో 35 వేలు అడిగారు. మా రేషన్ కార్డు మహారాష్ట్రది, గోదావరి వంతెన దాటి తెలంగాణకు వెళ్తే అక్కడి ఆరోగ్యశ్రీ మాకు చెల్లదు. ఆయుష్మాన్ కార్డు అప్పటికింకా చేయించుకోలేదు. "మిర్చి సీజన్ అయినంక చూద్దాం సేటూ" అన్నాడు. నేనూ సరేనన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ వానాకాలం ఒక రాత్రి జారిన పేగు జారిన చోటే బిగుసుకుపోయింది. పేగుకు రక్తం ఆగిపోతే గంటల్లో చచ్చుబడుతుందని అప్పుడే తెలిసింది. జిల్లా కేంద్రం మాకు 200 కిలోమీటర్ల దూరం, వానల్లో ఆ రోడ్డు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వంతెన దాటించి తెలంగాణలో ఒక ఆసుపత్రికి చేర్చాం. ప్రాణం దక్కింది. జానెడు పేగు తీసేశారు. అప్పు లక్ష దాటింది. ముందే చేయించి ఉంటే ఒక పూట ఆపరేషన్, రెండు రోజుల మంచం. అంతే.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు అక్కడి యువ డాక్టరు ఒకరు చెప్పగా మొదటిసారి విన్నాను, ఈ జాలీకి చవక దారి ఒకటి చాలా ఏళ్ల కిందటే దొరికిందని. ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. ధూళే జిల్లా దోండాయిచా అనే చిన్న ఊళ్లో పనిచేసిన సర్జన్ డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్, కంపెనీ జాలీ కొనలేని రోగుల కోసం 1990ల్లో మందు పూయని మామూలు దోమతెర బట్టను తీసుకున్నారు. ముక్కలుగా కోసి, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో శుద్ధి చేసి, హెర్నియా ఆపరేషన్లలో వాడారు. తోటి సర్జన్లతో కలిసి చేసిన 350కి పైగా ఆపరేషన్ల ఫలితాలను 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ప్రకటించారు. ఆయన మా మహారాష్ట్ర వాడే. మా సిరోంచ ఈ రాష్ట్రానికి తూర్పు కొస, ఆయన ఊరు పడమటి వైపు. ఆ పద్ధతి ఆఫ్రికా దాకా వెళ్లింది గానీ మా దాకా రాలేదు.

ఆఫ్రికాలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. స్వీడన్, ఉగాండా డాక్టర్లు కలిసి తూర్పు ఉగాండాలో 302 మంది మగవాళ్లకు ఆపరేషన్లు చేశారు. ఎవరికి ఏ జాలీ వేయాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు. సగం మందికి కంపెనీ జాలీ, సగం మందికి మన తమిళనాడు కరూర్‌లో తయారైన దోమతెర బట్ట. ఏడాది తర్వాత చూస్తే దోమతెర వేసిన వాళ్లలో ఒక్కరికి హెర్నియా మళ్లీ వచ్చింది, కంపెనీ జాలీ వాళ్లలో ఎవరికీ రాలేదు. మిగతా ఇబ్బందులు రెండు వైపులా దాదాపు సమానం. కంపెనీ జాలీ ధర సుమారు 125 డాలర్లు, దోమతెర ముక్కది ఒక డాలర్ లోపు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇది అచ్చయింది.

ఈ మాట నేను మా బజారులో చెబితే ముందు కోపం వచ్చింది జనానికి. "పెద్దోళ్లకు కంపెనీది, మాకు దోమతెరనా?" అన్నారు. ఆ కోపం న్యాయమైనదే. గిరిజనుల మీద, కూలీల మీద ఏదైనా ప్రయోగించి చూడొచ్చనుకునే వాళ్లు లేకపోలేదు. అందుకే వాళ్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. 1958లో అమెరికాలో ఫ్రాన్సిస్ అషర్ అనే సర్జన్ మొదట వాడిన ప్లాస్టిక్ జాలీ కూడా పాలిఎథిలిన్‌దే. తర్వాత పాలిప్రొపిలిన్ వచ్చింది, ఈ రోజు కంపెనీలు అమ్మేది ఎక్కువగా అదే. దోమతెర దారం కూడా ఆ కుటుంబానిదే. జాలీ చేసే పని రెండింటిదీ ఒకటే: చిరిగిన చోట కండను లాగి బిగించి కుట్టకుండా, అంటే టెన్షన్ పడకుండా, పైన మాటు వేసినట్టు నిలబడటం. కొన్ని వారాల్లో మన కండే దాని కన్నాల్లోంచి పెరిగి గట్టిపడుతుంది.

అలాగని ఏ దోమతెర పడితే అది పనికిరాదు. మా జిల్లాలో మలేరియా ఎక్కువ, అందుకే ఆరోగ్య శాఖ ఇచ్చిన తెరలు ఇంటింటా ఉన్నాయి. వాటి దారానికి దోమల మందు పట్టించి ఉంటుంది. అవి ఆపరేషన్‌కు దగ్గరకు కూడా రాకూడదు. మందు లేని తెరనైనా ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గరే శుద్ధి చేయాలి, వేడి బాగా పెరిగితే ముడుచుకుపోతుంది. ఇలాంటివన్నీ ఒక్కో డాక్టరు దయకు వదిలేసే సంగతులు కావు. 2017 నాటి వైద్య పరికరాల నియమాల ప్రకారం ఒంట్లో పెట్టే జాలీకి లైసెన్సు కావాలి. దాంతో మనసున్న సర్జన్ కూడా బజారు తెర కోసి వాడటానికి భయపడతాడు. ఆ భయం సరైనదేనని నేనూ ఒప్పుకుంటాను.

కాబట్టి నేను అడిగేది దొంగచాటుగా తెర వాడమని కాదు. అదే రకం బట్టను లైసెన్సు ఉన్న తయారీదారుతో, పరీక్షలు చేయించి, శుద్ధి చేసిన ప్యాకెట్లలో ప్రభుత్వమే తయారు చేయించాలి. పారాసిటమాల్ కొన్నట్టే ఏటా టెండరు వేసి కొనాలి, తాలూకా దవాఖానలో నిల్వ ఉంచాలి. వేసేముందు రోగికి తన భాషలో, మా దగ్గరైతే తెలుగులో, మాడియాలో, మరాఠీలో చెప్పి ఒప్పించాలి. ఏడాది తర్వాత పిలిచి చూడాలి. ఈ పని మహారాష్ట్ర చేస్తే అవతల ఒడిశాలో రాయగడ, కోరాపుట్ తెలుగువాళ్లకూ దారి తెరుచుకుంటుంది.

అసలు జాలీ లేని పద్ధతి కూడా ఉంది. పుణే సర్జన్ డాక్టర్ మోహన్ దేసర్దా, రోగి పొట్ట కండ మీది గట్టి పొర నుంచే ఒక పట్టీ తీసి మాటు వేసే విధానం చెప్పారు. పోలండ్‌లో 208 మంది మీద పోల్చి 2012లో ప్రకటించిన అధ్యయనంలో, మూడేళ్ల తర్వాత జాలీ వేసిన వాళ్లలో ఇద్దరికి, ఈ పద్ధతిలో చేసిన వాళ్లలో ఇద్దరికి మళ్లీ వచ్చింది. జాలీ స్టాకు లేదని రోగిని తిప్పి పంపే ముందు మన సర్జన్లకు ఇది నేర్పించవచ్చు కదా.

జాలీ చవకైతే చాలదని తెలుసు. కోసే డాక్టరు, మత్తు డాక్టరు రావాలి. మా జిల్లాలోనే శోధగ్రామ్‌లో సెర్చ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, హేమల్‌కసాలో లోక్ బిరాదరీ సంస్థ వాళ్లు ఆపరేషన్ల శిబిరాలు పెడుతున్నారు. ప్రభుత్వం కూడా సిరోంచకు నెలలో ఒక రోజు ఖాయం చేసి, ఆ తేదీ గోడ మీద రాసి పెట్టాలి. కూలి మనిషికి తేదీ తెలిస్తేనే పని మానుకుని వస్తాడు.

మా అన్న ఇప్పుడు బస్తాలు ఎత్తడు, దుకాణంలో కాంటా దగ్గర కూర్చుంటాడు. కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న ఆయన్ని పక్కకు పిలిచి తనకూ గజ్జల్లో ఉబ్బు ఉందని చెప్పాడట. ఈ ఎండాకాలంలోనే చేయించాలని తిరుగుతున్నాం. జాలీ మాత్రం మళ్లీ బయటే కొనాలట.

ఇట్లు,
మీ పాఠకుడు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా