పేకాట సినిమాల్లో ఆడించేవాడి లెక్క కూడా చెప్పండి

సంపాదకుడు గారికి,

పేకాట, క్యాసినోల చుట్టూ తిరిగే యాక్షన్ కామెడీ సినిమా వస్తే నేను మొదటి వారంలోనే చూసేస్తాను. మా తిరుపతి కుర్రాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, తమిళం నుంచి డబ్బింగై వచ్చినా ఎగబడతారు. ఎందుకు నచ్చవు? హీరో చివరి ముక్క అందుకుంటాడు, వెంటనే తిప్పడు, బొటనవేలితో అంచు కొద్దిగా ఎత్తి చూసుకుంటాడు, మొహంలో ఏమీ తెలియనివ్వడు, పక్కన కమెడియన్ చెమటలు తుడుచుకుంటూ ఉంటాడు, హాలంతా టెన్షన్. ముక్క పడగానే ఈలలు, ఆ వెంటే బల్లలు విరిగే ఫైటు. పైగా ఓడేది విలన్, పోయిన డబ్బు మీద మనకు జాలి ఉండదు.

నా బాధ అక్కడే. హీరోకు పడే ముక్క కథ రాసినవాళ్లు ముందే నిర్ణయించి పెట్టింది. బయట ఆడేవాడికి ఆ వసతి లేదు. మన రాయలసీమలో మట్కా ఎన్ని ఇళ్లు ముంచిందో అందరికీ తెలుసు. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు, తగిలితే రూపాయికి తొమ్మిది ఇవ్వడం దాని మామూలు లెక్క. పది అంకెల మీదా తలా రూపాయి కాసినా చేతికొచ్చేది తొమ్మిదే, మిగిలిన రూపాయి ఆడించేవాడిది. ఈ లెక్క ఏ సినిమా డైలాగులోనూ నేను వినలేదు. క్లబ్బులో ఆట ఆటకీ తీసే కమీషన్ కూడా కనపడదు. అప్పులపాలైన స్నేహితుడు ఒకడుంటాడు గానీ వాడి మీద జోకులే. మా వీధిలో ఒకాయన భార్య కమ్మలు తాకట్టు పెట్టి ఆడితే, ఆవిడ కూతురి కాలేజీ ఫీజు కోసం ఇంటింటికీ తిరిగింది, దానికి ఎవరూ నవ్వలేదు.

మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ మీద నిషేధం తెచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతో పాటు వాటి ప్రకటనలను కూడా నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. సినిమాలు ఆపమని మాత్రం నేననను. తెర మీద సిగరెట్టు వెలిగిస్తే 2012 నుంచి కింద హెచ్చరిక వేస్తున్నారు కదా, జూదం సీనుకూ అలాగే వేయించాలి, అదీ హానికరం అని పొడిగా కాకుండా, ఎవరు గెలిచినా ఆడించేవాడికి వాటా పోతుందని తెలిసేటట్టు. మీరు కూడా సమీక్షల్లో పాటలు, ఫైట్లతో పాటు జూదాన్ని ఎలా చూపించారో రెండు లైన్లు రాయండి, మా ఇంట్లో పిల్లలు టికెట్టు కొనేముందు చదివేది వాటినే.

– ఒక పాఠకుడు, తిరుపతి