వార్షిక నివేదిక: పొలం ప్లాట్లుగా మారకముందు నేలను చదవడం

సభ్యులకు,

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు, లేఅవుట్ గీయకముందే ఆ నేలను ఎలా పరిశీలించాలో ఒక పద్ధతి సిద్ధం చేశాం. ‘ముందే’ అనడానికి కారణం ఉంది. రోడ్లు, ప్లాట్లు కాగితం మీదికి ఎక్కాయంటే నేల గురించి ఏం చెప్పినా అడ్డుపుల్లలాగే వినిపిస్తుంది. గుంట పూడ్చేద్దాం, బోదె పక్కకు తిప్పేద్దాం అనే మాటలు అప్పుడే మొదలవుతాయి.

మొదట భూమి తరగతి. అమెరికా వ్యవసాయ శాఖ 1961లో ప్రచురించిన విభజనలో ఎనిమిది తరగతులున్నాయి. మొదటి నాలుగూ సాగుకు పనికొచ్చేవి. మొదటి రెండింటిలోకి వచ్చే నేలను ఇళ్లకు ఇవ్వకూడదని, ఇంకెక్కడా స్థలం దొరకనప్పుడే దాని జోలికి వెళ్లాలని మా అభిప్రాయం. బీడుపడి ఉంది కదా అని తరగతి తగ్గించకూడదు. లెక్కలోకి తీసుకునేది మన్ను లోతు, వాలు, నీరు దిగే తీరు, కోత ప్రమాదం. నిరుడు పంట వేశారా లేదా అన్నది కాదు.

ఎక్కువ సమయం నీటి లెక్కకే పట్టింది. ఒక హెక్టారు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 500 ఘనమీటర్ల నీరు. పొలంగా ఉన్నప్పుడు అందులో 30 శాతం పారిపోతుందనుకుంటే 150. కప్పులు, రోడ్లు వచ్చాక 70 శాతం అనుకుంటే 350. అదనంగా వచ్చే 200 ఘనమీటర్లు, అంటే రెండు లక్షల లీటర్లు, దిగువ పొలం మీద పడతాయి, అదీ మునుపటికన్నా వేగంగా. ఆ అదనపు నీటిని పట్టే మీటరు లోతు గుంటకు 200 చదరపు మీటర్లు కావాలి, గట్లకు స్థలం వేరే. ఆ స్థలం అన్నిటికన్నా పల్లపు మూలలో ఉండాలి. ప్లాట్లు పోను మిగిలిన ముక్కను చెరువు అని రాసేస్తుంటారు. మిగిలిన చోటికే వెళ్లాలని నీటికి తెలియదు కదా.

ఎండిన బోదెలను కూడా పటంలో గుర్తించాలి. ఒకదాన్ని మూసేస్తే ఎగువ పొలం మునుగుతుంది, దిగువది ఎండుతుంది.

ఇళ్ల మురుగునీటిని నేల ఎంత వేగంగా ఇంకించుకుంటుందో చూసే ఇంకుడు పరీక్షకు పైమన్ను తీసేశాక 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వి, ముందురోజు రాత్రే నింపి వదలాలి. మర్నాడు మళ్లీ నింపి, నీరు ముప్పాతిక నుంచి పాతికకు, అంటే 150 మిల్లీమీటర్లు, దిగడానికి పట్టిన సెకన్లను 150తో భాగించాలి. 100 దాటితే అక్కడ ఇంకుడు గుంత పనిచేయదు. 15 కన్నా తక్కువైతే మురుగు శుద్ధి కాకుండానే భూగర్భజలంలో కలుస్తుంది. రాత్రి నానబెట్టకుండా చేస్తే పగుళ్లలోకి నీరు జారిపోయి ఫలితం మెరుగ్గా కనిపిస్తుంది. యంత్రంతో తవ్వితే గోడలు మెత్తుకుపోయి అధ్వానంగా కనిపిస్తుంది. గోడలను చేత్తో గీకాలి. కనీసం మూడు గుంతలు, ఒక్కో దాంట్లో మూడుసార్లు.

రేగడి ఉన్నచోట ఉబ్బు పరీక్ష తప్పదు. ఆరబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మన్నును పదేసి గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో స్వేదనజలం, రెండోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచాలి. కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు, నీళ్లలో 16 వచ్చిందంటే ఉబ్బు 60 శాతం. 50 దాటిన నేలలో మామూలు పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి. పెద్ద చెట్లు కొట్టిన చోట ఇంకా జాగ్రత్త: వేళ్లు పీల్చుకునే తేమ మట్టిలోనే నిలిచి, నేల ఏళ్ల తరబడి పైకి లేస్తుంది.

పురుగుమందుల అవశేషాల పరీక్షకు పొలమంతటి మన్ను కలిపి ఒకే నమూనా పంపడం పెద్ద పొరపాటు. ఎరువుల మోతాదుకు అది సరే కానీ, ఇక్కడ విషం ఉన్న చోటు మంచి మన్నులో కలిసి కనబడకుండా పోతుంది. మోటారు షెడ్డు, మందు కలిపిన చోటు, స్ప్రేయర్ కడిగిన చోటు, పాత తోట: వీటి నమూనాలు విడివిడిగా పంపాలి. పూడ్చిన బావుల జాడ పాత పటాల్లో దొరకొచ్చు. లేకపోతే ఆ పొలంలో ఏళ్లుగా కూలి చేసినవారిని అడగాలి.

పైమన్ను 20 సెంటీమీటర్లు తీస్తే హెక్టారుకు 2,000 ఘనమీటర్లు వస్తుంది. తడిగా ఉన్నప్పుడు తీయకూడదు, కుప్ప రెండు మీటర్లు మించకూడదు. పక్క పొలాల మందు గాలికి తగలకుండా వదిలే ఖాళీ పట్టీ ఇళ్లు కట్టేవారి హద్దులోనే ఉండాలి, రైతు హద్దులో కాదు.

మిగిలిపోయింది నీటిమట్టం. ఒక వేసవి కొలతతో పునాది లోతు తేల్చలేం, వర్షాకాలమంతా చూడాలి. బావి ఉన్న సభ్యులు వారానికోసారి, మోటారు వేయకముందు, ఒరనుంచి నీటిదాకా లోతు కొలిచి తేదీతో రాసి పెట్టగలరు.