మంత్రి గారూ, మా పిల్లల ఎముకలు ఒకసారి కొలిపించండి

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. సిటీ శివార్లలో ఒక కాలేజీ హాస్టల్లో ఉంటుంది, పేరు ఎందుకులెండి, అన్నీ ఒకే తానులో ముక్కలే. దసరా సెలవులకు ముందు బాత్రూం దగ్గర కాలు జారి చెయ్యి ఆనించుకుంది, అంతే, మణికట్టు విరిగింది. పదహారేళ్ళ పిల్ల! మా అత్తమ్మ డెబ్భై రెండేళ్ళ వయసులో పొలం గట్టు మీద పడి కూడా చీర దులుపుకొని లేచింది.

కట్టు వేసిన డాక్టర్ గారు విటమిన్ డి పరీక్ష రాస్తే 9 వచ్చింది. పన్నెండు కంటే తగ్గితే లోపం కింద లెక్కట. వారానికొక పొడి పాకెట్ పాలల్లో కలుపుకొని తాగమన్నారు. మరి లోపల ఎముక ఎలా ఉందండీ అని అడిగితే, "ఎక్స్‌రేలో తెలీదమ్మా, ఎముకలో ఖనిజం మూడో వంతు దాకా పోతే గానీ కనపడదు, ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ చెయ్యాలి, ఈ వయసు పిల్లలకు మామూలుగా ఎవరూ రాయరు" అన్నారు.

సామాన్లు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు రూం తలుపుకు అంటించిన టైంటేబుల్ చూశాను. పొద్దున 5 గంటలకు స్టడీ అవర్, రాత్రి 10.45కి లైట్లు ఆర్పాలి. ఆదివారం 4 నుంచి 5 దాకా "గేమ్స్" అని ఉంది, దాన్ని పెన్నుతో కొట్టేసి "వీకెండ్ టెస్ట్" అని రాశారు. అయినా గేమ్స్ ఎక్కడ ఆడతారో నాకర్థం కాలేదు, ఆ బిల్డింగ్‌కు గ్రౌండే లేదు.

లేత ఎండ మంచిదని మనం అనుకుంటాం కదా, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ళ పరిశోధనలో మాత్రం చర్మంలో విటమిన్ డి బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య అని తేలింది. ఆ టైంలో మా పిల్లలు ట్యూబ్‌లైట్ కింద ఫిజిక్స్‌లో ఉంటారు. తిండి సంగతి సరేసరి. పదహారు దాటిన పిల్లలకు రోజుకు 1,050 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే చెప్తోంది. వంద గ్రాముల రాగుల్లో 364 ఉంటే తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. సర్కారు బడుల్లో రాగిజావ పెట్టారు, సంతోషం, లక్షల ఫీజు కట్టిన మా పిల్లలకు నీళ్ళ మజ్జిగ!

సార్, ఇప్పుడు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని కూర్చోబెడుతున్నారు. ఎముకలకు అసలు ఫౌండేషన్ పడేది ఆ వయసులోనే. పిల్లలు సర్రున పొడవు పెరిగే ఆ రెండేళ్ళలోనే, పెద్దయ్యాక ఉండాల్సిన ఎముక ఖనిజంలో (కాల్షియం లాంటివి) దాదాపు పావు వంతు చేరుతుంది, అది కూడా గెంతుతూ ఉరుకుతూ బరువు పడితేనే గట్టిపడుతుంది, కుర్చీలో కూర్చుంటే కాదు. పొడవు ముందు పెరిగి ఖనిజం వెనక చేరుతుంది కాబట్టే ఆ వయసులో చేతులు ఎక్కువగా విరుగుతాయట.

2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ళ వాళ్ళలో 24 శాతం మందికి విటమిన్ డి లోపం తేలింది. అది రక్తం లెక్క. ఎముక సాంద్రత అందులో కొలవలేదు. కొలవడం చేతకాక కాదు. 1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళు తీసుకొని, కొన్నిట్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం పెట్టి, ఆ పిల్లలు పెద్దయ్యాక వెతికి పట్టుకొని డెక్సా స్కాన్లు తీసింది మన పోషకాహార సంస్థ వాళ్ళే. అంత ఓపిక ఉన్నవాళ్ళు మీ ఆఫీసుకు గంట దూరం లోపలే ఉన్నారు.

నేను అడిగేది ఒక్కటే. హాస్టల్ పిల్లల్ని కొందర్ని, ఇంటి నుంచి వచ్చి చదివే వాళ్ళని కొందర్ని, సర్కారు గురుకులాల పిల్లల్ని కొందర్ని తీసుకొని, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా వాళ్ళ ఎముకలు కొలిపించండి. డెక్సాలో రేడియేషన్ చాలా తక్కువ, నిమిషాల పని. డబ్బులు మీ శాఖ ఇవ్వాలి, లోపలికి రానివ్వమని కాలేజీలకు ఆర్డర్ కూడా మీరే ఇప్పించాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు, తల్లిదండ్రులం మమ్మల్నే ఆపుతున్నారు. ఇది విద్యాశాఖ పని అని ఫైలు అటు తోసేయకండి దయచేసి. కొలతలు వచ్చేదాకా ఆగకుండా, మధ్యాహ్నం అన్నం బ్రేకులో ఒక అరగంట పిల్లల్ని ఎండలోకి వదలమని చెప్పినా చాలు.

శుక్రవారం మా అమ్మాయికి కట్టు విప్పుతారు. ఆదివారం వీకెండ్ టెస్ట్ ఉందట, శనివారం రాత్రికల్లా హాస్టల్లో దించమని అప్పుడే ఫోన్ వచ్చింది.

ఇట్లు,
ఒక ఇంటర్ అమ్మాయి తల్లి,
కరీంనగర్