మా తమ్ముడి గుండె జబ్బును కనిపెట్టిన డాక్టరమ్మకు, తోడున్న అందరికీ

అందరికీ శనార్తులు. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తూ మా తమ్ముడు స్పృహ తప్పి పడిపోయిన సంగతి చాలామందికి తెలుసు. వాడిప్పుడు బాగున్నాడు. "ఎండకు పడ్డాడు, నిమ్మరసం తాగిస్తే లేస్తాడు" అని పక్కవాళ్లు అంటున్నా వినకుండా, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తెచ్చిన దోస్తులకు ముందుగా దండం.

డాక్టరమ్మ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈసీజీ తేడాగా ఉందని చెప్పి ఊరుకోలేదు. గుంజీలు తీసినట్టు వాడిని కిందికి కూర్చోమని, మళ్లీ లేవమని, రెండుసార్లూ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విన్నారు. కూర్చుంటే గుండెలో అదనపు చప్పుడు తగ్గుతోంది, నిలబడితే పెరుగుతోంది. నిలబడినప్పుడు గుండెకు వచ్చే రక్తం తగ్గుతుందట, గుండె లోపలి గోడ మందంగా ఉంటే, అప్పుడు దాని దగ్గర రక్తం బయటికి పోయే దారి ఇంకా ఇరుకవుతుందట. తర్వాత మెల్లగా అడిగారు: "మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. మా చిన్నాయన నలభై నిండకముందే పొలం గట్టు మీద కూలిపోయాడు. ఊరంతా వడదెబ్బ అన్నారు. అంతకుముందు ఆ ప్రశ్న మమ్మల్ని ఏ డాక్టరూ అడగలేదు.

ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె మధ్యగోడ మందం 22 మిల్లీమీటర్లు వచ్చింది. బీపీ, వాల్వ్ జబ్బు లాంటి కారణం లేకుండా పెద్దవాళ్లలో 15 లేదా ఎక్కువ ఉంటే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం మందమయ్యే జబ్బు, అంటారట. ఇంట్లో ఒకరికి ఉన్నట్టు తేలితే మిగతావాళ్లకు 13 ఉన్నా అదే లెక్క. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని విని ఆశ్చర్యపోయాం. స్క్రీన్ మీద ఆ గోడను వేలితో చూపించి, అమ్మకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పిన ఎకో రూమ్ అన్నకు కూడా థాంక్స్.

ఈ జబ్బున్నవారి పిల్లల్లో ఒక్కొక్కరికీ, ఆడైనా మగైనా, వచ్చే అవకాశం సగం. అందుకే మా ఊరి ఆశా అక్క ఇంటింటికీ తిరిగి మా వాళ్లందరినీ పరీక్షలకు పంపింది. బాపుకూ, చిన్నాయన చిన్నకొడుక్కూ గోడ మందంగానే ఉంది. ఇద్దరికీ ఏ బాధా లేదు, పరీక్ష చేయకపోతే తెలిసేదే కాదు. నాకు నార్మల్ వచ్చింది. అయినా కొన్నేళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలన్నారు, ఎందుకంటే ఇది వయసు పెరిగాక కూడా బయటపడొచ్చు.

తమ్ముడు గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నాడు. ఛాతీలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న యంత్రం) పెట్టాలా వద్దా అన్నది హైదరాబాద్‌లో చూస్తున్నారు. పోలీసు కొలువు మీద ఆశ వదులుకోవడం వాడికి చాలా కష్టంగా ఉంది. ఇప్పుడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు.

చిన్నమ్మా, చిన్నాయన పోయిన సంగతి మళ్లీ కదిలిస్తే నీ గుండె ఎంత బరువెక్కిందో నాకు తెలుసు. అయినా అడిగినవన్నీ డాక్టరమ్మకు చెప్పావు, చిన్నోణ్ని నువ్వే తీసుకొచ్చావు. నీ రుణం తీరేది కాదు. పెద్దోడి ఎకో ఇంకా మిగిలుంది, వచ్చే వారం వాణ్ని నేనే తీసుకెళ్తా.